కొన్నది మనది, బాగుచేసుకునే హక్కు ఎవరిది?

(సంఘం వార్షిక సమావేశంలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



విద్యా ఉపసంఘం తరఫున నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు మమ్మల్ని ఆదేశించారు. ప్రతి ఏడూ మేము ఈ వేదిక మీద స్కాలర్‌షిప్పుల లెక్క, పదో తరగతి ఫలితాలు చదివి దిగిపోయేవాళ్ళం. ఆ లెక్కలు సావనీరులో వేరుగా అచ్చవుతున్నాయి గనుక ఈసారి ఒక టీవీ గురించి చెప్పదలిచాం. సంఘం సభలో టీవీ గోల ఏమిటని కొందరు నవ్వుకోవచ్చు. కాని అది మీ చందాలతో కొన్న టీవీ. అది పాడయింది. అది ఎట్లా పాడయిందో, మేమెక్కడ పొరపాటు చేశామో మీకు చెప్పటం మా విధి. అంతేగాక, ఆ అనుభవంలో ప్రతి ఇంటికీ పనికివచ్చే సంగతులు కొన్ని వున్నాయి.

రెండేళ్ళ కిందట మన ట్యూషన్ గదికి 55 అంగుళాల స్మార్ట్ టీవీ కొన్నాం. సాయంత్రం పూట పదో తరగతి పిల్లలకు లెక్కలు, సైన్సు పాఠాలు బొమ్మలతో చూపించవచ్చునని మా ఆశ. మిర్చి యార్డులో హమాలీ పని చేసే సోదరులు తలా వంద, రెండు వందలు ఇచ్చారు. పత్తి తీతకు పోయే తల్లులు కొంగుముడి విప్పి ఇచ్చిన నోట్లు గూడా అందులో వున్నాయి. మొత్తం 38 వేలయింది. పద్నాలుగో నెలలో, పరీక్షలు దగ్గరపడిన ఫిబ్రవరిలో, ఒక సాయంత్రం బొమ్మ పోయింది. మాట వినపడుతోంది, తెర మాత్రం నల్లగా వుంది. పిల్లలు ‘రేడియో అయిపోయింది సార్’ అని నవ్వారు. మాకు నవ్వు రాలేదు.

కొన్న దుకాణానికి వెళితే, ‘అమ్మటం వరకే మా పని, కంపెనీకి ఫోను చేసుకోండి’ అన్నారు. కంపెనీకి ఫోను చేస్తే మొదట యంత్రం మాట్లాడింది. ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది. చివరకు మనిషి దొరికితే ఆయనకు తెలుగు రాదు. ఉర్దూ వచ్చినవాళ్ళం గనుక ఆయన హిందీతో మాకు ఆ గండం గడిచింది. మన పక్క పొలం రైతుకు ఆ గండం గూడా గడవదు గదా! పన్నెండు రోజుల తర్వాత ఒకాయన వచ్చారు. వెనక మూత విప్పకుండానే రిమోటు నాలుగుసార్లు నొక్కి ‘ప్యానెల్ పోయింది’ అన్నారు. కొత్త ప్యానెలుకు 29 వేలు, ఆయన వచ్చి చూసినందుకు 600. వారంటీ పన్నెండు నెలలకే సరి. ‘ఇంకో తొమ్మిది వేలు వేసుకుంటే కొత్తదే వస్తుంది గదండీ’ అని సలహా మాత్రం ఉచితంగా ఇచ్చారు.

సరే, వారంటీలో ఏం రాసివుందో చూద్దామని బిల్లు తీశాం. తెల్ల కాగితం! ఈనాటి దుకాణాల్లో ఇచ్చే బిల్లు ఎక్కువగా వేడికి అచ్చుపడే నున్నటి కాగితం మీద వుంటుంది. బీరువాలో ఏడాది వుంటే అక్షరాలు ఎగిరిపోతాయి. జిరాక్సు తీయించి పెట్టాలన్న బుద్ధి మాకు అప్పటిదాకా పుట్టలేదు. ఇది మా మొదటి పొరపాటు.

టీవీకి దుప్పటి కప్పి మూల పెట్టాం. అప్పుడు బస్టాండు వెనక చిన్న కొట్టులో మిక్సీలు, ఫాన్లు బాగుచేసే మన కుర్రవాడొకడు వచ్చాడు. ‘చాచా, గదిలో లైట్లు ఆర్పి మీ సెల్లు లైటు ఇట్లా ఇయ్యండి’ అన్నాడు. టీవీ ఆన్ చేసి తెరకు దగ్గరగా లైటు పట్టాడు. ఆ వెలుతురు పడ్డ మేర మసకమసకగా మనుషుల బొమ్మలు కదులుతున్నాయి! ‘ప్యానెల్ బాగానే వుంది చాచా. దాని వెనక దీపాలు పోయినయ్, అంతే’ అన్నాడు.

ఆ దీపాల పట్టీలను కంపెనీ అతనికి అమ్మదు. మనకూ అమ్మదు. అతను విజయవాడలో పాత టీవీలు విప్పి సామాను అమ్మేచోట వారం రోజులు వెతికించి, ఆ కొలతకు సరిపోయేవి తెచ్చి వేశాడు. మొత్తం 3,200 రూపాయలైంది. టీవీ ఇప్పుడు నడుస్తోంది. కాకపోతే ఒక మూల పసుపుపచ్చగా వుంటుంది. పిల్లలు దాన్ని ‘దుగ్గిరాల మూల’ అంటున్నారు. అదొక్కటే మిగిలిన లోపం అనుకుంటే సంతోషమే. కాని ఈలోగా పరీక్షలు అయిపోయాయి. ఆ ఆరేడు వారాల పాఠాలు పిల్లలకు తిరిగి ఎవరు తెచ్చిస్తారు?

పెద్దలారా! ఇది ఒక్క మన గది టీవీ కథ అయితే ఇంతసేపు చెప్పం. ఈ సభలో ఎంతమంది ఇళ్ళలో చెడిన టీవీ గోడకే వేలాడుతోందో చేతులెత్తమంటే మాకు తెలుసు, సగం చేతులు లేస్తాయి. కాబట్టి అసలు అందులో ఏముంటుందో కొంచెం తెలుసుకుందాం.

స్మార్ట్ టీవీలో ముఖ్యమైనవి నాలుగు. ముందు బొమ్మ చూపే గాజుపలక, అదే ప్యానెల్. దాని వెనక వెలుతురిచ్చే చిన్నచిన్న ఎల్‌ఇడి దీపాల పట్టీలు. మూడోది కరెంటును మార్చి ఇచ్చే పవర్ బోర్డు. నాలుగోది మెదడువంటి మెయిన్ బోర్డు. ఖరీదులో సింహభాగం ప్యానెలుదే. దానికి పగులు వచ్చినా, అంచున వున్న సన్నటి రిబ్బన్లు వదిలి నిలువు గీతలు పడినా మామూలు కొట్టులో బాగుచేయటం కష్టం. తక్కిన మూడూ బాగుచేయదగినవే. మాట వినపడుతూ తెర నల్లబడితే మా కుర్రవాడు చేసినట్లు లైటు పట్టి చూడాలి. బొమ్మ మసకగా కనపడితే పోయింది దీపాలు గాని, వాటికి కరెంటిచ్చే భాగం గాని. ఎర్ర దీపం గూడా వెలగకపోతే చాలాసార్లు పవర్ బోర్డు. ఆన్ చేయగానే కంపెనీ పేరు దగ్గరే ఆగి, మళ్ళీ ఆరి, మళ్ళీ అదే పేరు చూపిస్తుంటే మెయిన్ బోర్డు మీద జ్ఞాపకం దాచే చిప్పు అరిగి వుండవచ్చు, లేదా సాఫ్ట్‌వేరు చెడి వుండవచ్చు.

ఈ సాఫ్ట్‌వేరు అన్నది పాతకాలపు టీవీకి లేని జబ్బు. ప్యానెల్ నిక్షేపంగా వుంటుంది, దీపాలు వుంటాయి. అయినా నాలుగైదేళ్ళకు కంపెనీ కొత్త సాఫ్ట్‌వేరు పంపటం మానేస్తే, యాప్‌లు ఒక్కొక్కటే పనిచేయటం మానుకుంటాయి. మనిషి ఆరోగ్యంగా వుండగానే పింఛనులో పెట్టినట్లన్నమాట. అట్లాంటప్పుడు టీవీ పారేయనక్కరలేదు. వెనక హెచ్‌డిఎమ్‌ఐ రంధ్రంలో చిన్న స్టిక్కు గాని, సెట్‌టాప్ బాక్సు గాని పెట్టుకుంటే ఆ తెరే మళ్ళీ పనిచేస్తుంది.

మన ప్రాంతంలో ఇంకో శత్రువు కరెంటు. పొలాల్లో మోటార్లు ఒక్కసారిగా ఆన్ అయినప్పుడు వోల్టేజీ పడిపోవటం, పోయిన కరెంటు ఒక్క వూపున రావటం మీకు మేము చెప్పేదేముంది! వుతికిన బట్టలు తీసినట్లే, ఉరుము వినపడగానే టీవీ ప్లగ్గు, కేబుల్ వైరు రెండూ తీయటం ఇంట్లో పిల్లలకు అలవాటు చేయాలి. కరెంటు హెచ్చుతగ్గులున్న చోట మంచి స్టెబిలైజరు పెట్టుకోవటం వృథా ఖర్చు కాదు.

ఇప్పుడు కాస్త వెనక్కి చూద్దాం. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు చూపించారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ సెట్లు హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసింది. పల్లెకు సెట్టు పంపటంతో సరిపెట్టుకోలేదు. చెడితే బాగుచేసే మనుషుల్నీ, విడిభాగాల్నీ ముందే ఏర్పాటు చేశారు. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. మనవైపు బొమ్మ కనపడేసరికి మరికొన్నేళ్ళు పట్టింది. అప్పుడు వచ్చిన ఇ.సి., డయనోరా, సాలిడేర్ సెట్లను మన వూళ్ళో రేడియో మెకానిక్కులే నేర్చుకుని బాగుచేశారు. చాలా రేడియోలకు, టీవీలకు లోపలి సర్క్యూట్ బొమ్మ కాగితం వెంటే వచ్చేది. దాన్ని ముందు పెట్టుకుని మన కుర్రవాళ్ళు ఇంజనీరింగు చదవకుండానే ఇంజనీర్లయ్యారు. ఆ పనితో పెళ్ళిళ్ళు చేశారు, పిల్లల్ని చదివించారు.

ఇంకా వెనక్కి వెళితే, మన నూర్‌బాషా సోదరుల తాతముత్తాతలు దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఈ పత్తి నేల వూరూరా తిరిగారు. నారి తెగితే చెట్టుకింద కూర్చుని తామే బిగించుకునేవారు. విల్లు ఎవరిదో, దాన్ని బాగుచేసే చేయీ వాళ్ళదే. ఈనాడు మన ఇంట్లో సామాను మనదే, కాని దాని నారి ఎక్కడో కంపెనీ చేతుల్లో వుంది. విడిభాగం అమ్మరు, బొమ్మ కాగితం ఇవ్వరు, మెకానిక్కుకు తర్ఫీదు ఇవ్వరు. పోయేది ఒక్క టీవీ కాదు సోదరులారా. మన మెకానిక్కుల పనితనం, వాళ్ళ బతుకుదెరువు గూడా పోతున్నాయి. మేము ఈ వేదిక మీదికి టీవీని తేవటానికి అసలు కారణం ఇదే.

‘కంపెనీ వస్తువు, కంపెనీ ఇష్టం’ అనుకోవటం సరి కాదని లోకం గూడా గ్రహిస్తోంది. 2021 మార్చి 1 నుంచి యూరప్ యూనియన్ దేశాల్లో ఒక నిబంధన వుంది. టీవీ తయారుచేసేవారు పవర్ సప్లయి, కెపాసిటర్లు, వైరు కలిపే పోర్టుల వంటి కొన్ని విడిభాగాలను, ఆ మోడల్ ఆఖరి టీవీ బజారుకు వచ్చిన తర్వాత కనీసం 7 సంవత్సరాలు మెకానిక్కులకు అందుబాటులో వుంచాలి. సాఫ్ట్‌వేరు 8 సంవత్సరాలు ఇవ్వాలి. ఫ్రాన్సులో 2021 జనవరి నుంచి టీవీ అమ్మేచోట, అది ఎంత తేలిగ్గా బాగుచేయవచ్చో పదికి ఇన్ని మార్కులని చీటీ పెట్టాలని నియమం తెచ్చారు. మన దేశంలో 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ ‘రిపేరు హక్కు’ మీద ఒక సంఘాన్ని వేసింది. అదే సంవత్సరం డిసెంబరు 24న ఆ పేరుతో ఒక పోర్టల్ ప్రారంభించారు. కంపెనీలు తమ సర్వీసు, వారంటీ, విడిభాగాల వివరాలు అందులో పెట్టాలని వుద్దేశం. మంచిదే. కాని యూరప్‌లో మాదిరిగా ఇన్నేళ్ళు విడిభాగాలు ఇచ్చితీరాలని కట్టడి చేసే ప్రత్యేక చట్టం మనకింకా రాలేదు.

చట్టం రాలేదని చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. వున్న చట్టాన్ని మనం ఎంత వాడుకుంటున్నాం? 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019 చట్టం వచ్చి 2020 జూలై 20 నుంచి అమలవుతోంది. దీని ప్రకారం లోపమున్న వస్తువును బాగుచేయించమని, మార్చి ఇమ్మని, డబ్బు తిరిగి ఇమ్మని, నష్టపరిహారం చెల్లించమని జిల్లా వినియోగదారుల కమిషన్ ఆదేశించగలదు. కంపెనీ ఢిల్లీలో వున్నా, బెంగుళూరులో వున్నా మనం అక్కడికి పోనక్కరలేదు. మనం నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు వుంటే కోర్టు ఫీజు లేదు. వకీలును పెట్టుకుని తీరాలన్న నియమం లేదు. లోపం బయటపడ్డ రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయాలి. వస్తువును పరీక్ష చేయించాల్సి వస్తే కమిషన్ లాబొరేటరీకి పంపుతుంది. ఆ ఖర్చు మనం ముందు కట్టవలసి రావచ్చు. మూడు నుంచి ఐదు నెలల్లో తేల్చటానికి ప్రయత్నించాలని చట్టంలో వుంది. ఆచరణలో ఆలస్యమవుతుందన్నది మనకు తెలియనిది కాదు. అయినా కాగితాలు సరిగ్గా వున్నవాడి మాటకు బలం వుంటుంది.

కేసుకు ముందు 1915 అనే నంబరు వుంది. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. తెలుగుతో సహా 17 భాషల్లో మాట్లాడవచ్చు. మన ఫిర్యాదును వాళ్ళు కంపెనీకి పంపి రాజీకి ప్రయత్నిస్తారు. సెల్లులో ఆర్డరు పెట్టి తెప్పించుకున్న వస్తువైతే, 2020 నాటి నిబంధనల ప్రకారం ఆ అమ్మకపు సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్లు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. వారంటీ దాటిన వస్తువుకు గూడా, తయారీలోనే లోపం వుందని చూపగలిగితే తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. రుజువు చేయటం మాత్రం కష్టమైన పనే.

‘పెద్ద కంపెనీ మీద మనలాంటివాళ్ళు గెలుస్తారా?’ అంటారు కొందరు. మిర్చి, పత్తి వేసే మనకు విత్తనాల సంగతి తెలుసు. నకిలీ విత్తనం వేసి, మొక్క ఏపుగా పెరిగి కాయ పట్టక ఏడ్చిన రైతులు మన వూళ్ళలోనే వున్నారు. మన ఆంధ్రప్రదేశ్ రైతులే నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద లోపమున్న విత్తనాల కేసు వేశారు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడు కాడని, విత్తనాన్ని పరీక్షకు పెట్టలేదని కార్పొరేషన్ వాదించింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు రైతుల పక్షాన తీర్పిచ్చింది. రైతు వినియోగదారుడేనని, కొన్న విత్తనమంతా చల్లుకునే రైతు పరీక్ష కోసం కొంత దాచివుంచాలనటం న్యాయం కాదని చెప్పింది. విత్తనపు రైతుకు దక్కిన న్యాయం టీవీ కొన్న హమాలీకి ఎందుకు దక్కదు? బిల్లు వుండాలి, ఓపిక వుండాలి.

ఇక మన పొరపాట్లు. మిర్చి యార్డులో కొనుగోలుదారు టిక్కీ పైన కనపడే ఎర్రటి కాయ చూసి ధర చెప్పడు. బస్తా కోసి, అడుగునుంచి గుప్పెడు తీసి, తాలు ఎంత, నెమ్ము ఎంత అని నలిపి చూస్తాడు. మనం ఆ యార్డులో పుట్టి పెరిగినవాళ్ళమై వుండీ, టీవీ కొట్లో వెలుగుతున్న బొమ్మ చూసి, వాయిదాలు తక్కువని సంతకం పెట్టి వస్తున్నాం. సరుకులో లోపం దాచి అమ్మరాదని ప్రవక్త (స) మనకు బోధించారు. అమ్మేవాడు చెప్పకపోతే కొనేవాడైనా అడగాలి గదా. అడగవలసినవి ఐదే మాటలు: సర్వీసు సెంటరు మా వూరికి ఎంత దూరంలో వుంది? వారంటీ ఎన్నాళ్ళు, ప్యానెలుకు వేరుగా ఎన్నాళ్ళు? ప్యానెల్ పోతే ఈనాటి ధర ఎంత? సాఫ్ట్‌వేరు ఎన్నేళ్ళు ఇస్తారు? ఈ జవాబులు బిల్లు మీద రాసి ఇస్తారా? ఐదో మాట అడగగానే సేల్స్‌మన్ ముఖం చూడండి, చాలా సంగతులు తెలుస్తాయి.

కొన్న తర్వాత బిల్లుకు జిరాక్సు తీయించండి, సెల్లులో ఫోటో తీసుకోండి. వారంటీ వున్నన్నాళ్ళు బయటి మెకానిక్కుతో మూత విప్పించకండి, ఆ సాకుతో వారంటీ లేదంటారు. చెడిన రోజే ఫిర్యాదు నంబరు రాసుకోండి. వచ్చిన మనిషి ‘ప్యానెల్ పోయింది’ అంటే నోటి మాటతో వదలకండి, కాగితం మీద రాయించుకోండి. మేము రాయించుకోలేదు. అందుకే దీపాలు పోయిన టీవీకి ప్యానెల్ పోయిందని చెప్పినాయన్ని మేము ఈనాటికీ ఏమీ అనలేకపోయాం. ఇది మా రెండో పొరపాటు.

చివరిగా, ఉపసంఘం మూడు ప్రతిపాదనలు మీ ముందు పెడుతోంది. ఒకటి, సంఘం ఆఫీసులో ప్రతి ఆదివారం సాయంత్రం ఒక బల్ల, ఇద్దరు చదువుకున్న పిల్లలు. ఎవరైనా బిల్లు తెస్తే జిరాక్సు తీసి ఫైలులో పెడతారు, ఫిర్యాదు వుంటే రాసి పెడతారు, 1915కు చేయిస్తారు. రెండు, మన మెకానిక్కు కుర్రవాళ్ళు వూరికి ఒకరు చొప్పున విడివిడిగా వెతుక్కోకుండా, ఎవరి దగ్గర ఏ పాత బోర్డు, ఏ దీపాల పట్టీ వుందో రాసుకునే ఒక పుస్తకం. దాంతోపాటు దీపాలు, బోర్డులు పరీక్షించే పనిముట్లు సంఘం తరఫున ఒక జత. మూడు, విడిభాగాలు ఇన్నేళ్ళు దొరికి తీరాలని చట్టం చేయమని కోరుతూ మన పార్లమెంటు సభ్యులకు ఒక వినతిపత్రం. దాని మీద మనతోపాటు పక్కవీధి సోదరులందరి సంతకాలూ తీసుకుందాం. చెడిన టీవీకి కులమతాలు లేవు.

ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. కావలసింది వారానికి రెండు గంటల తీరిక. చందా ఇచ్చిన తల్లులకు మేము ఇవ్వగలిగిన జవాబు ఇదే. అమ్మా, మీ డబ్బు పూర్తిగా పోలేదు. టీవీ నడుస్తోంది. ఈసారి ఏ ఇంట్లోనైనా తెర నల్లబడితే, దుప్పటి కప్పకముందు ఒక్కసారి మన బల్ల దగ్గరికి రండి.

ఇన్షా అల్లాహ్, వచ్చే ఏడు ఇదే వేదిక మీద ఎన్ని ఫిర్యాదులు రాశామో, ఎన్ని గెలిచామో, ఎన్ని ఓడామో లెక్క చెబుతాం.